ఫిల్‌మోర్‌లో రెండు రాత్రులు: ఆల్మన్ బ్రదర్స్ ఆల్బమ్ వెనకున్న పని

న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ హాల్లో రికార్డయి 1971 జూలైలో విడుదలైన 'ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్' ఆల్బమ్‌లో ఉన్నవి ఏడే పాటలు. రెండు ఎల్పీ రికార్డులు (పెద్ద గ్రామఫోన్ పళ్లాలు), నాలుగు ముఖాలు, గంటంపావు దాటిన సంగీతం. ఒక పాట రెండో ముఖాన్ని మొత్తం ఆక్రమిస్తుంది, ఇంకో పాట నాలుగో ముఖాన్ని మొత్తం ఆక్రమిస్తుంది. అప్పటి రేడియోకు కావలసిన మూడు నిమిషాల పాట అందులో ఒక్కటీ లేదు. అయినా ఆల్మన్ బ్రదర్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్‌కు దేశవ్యాప్తంగా పేరు తెచ్చింది అదే. అమెరికా దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చిన గిటార్ బ్యాండ్లను 'సదరన్ రాక్' పేరుతో ఒక గాటన కట్టడం మొదలయ్యాక, ఆ ధోరణికి మూలపురుషుడి స్థానం కూడా దీనికే దక్కింది.

దీని గురించి అభిమానులు మురిపెంగా చెప్పుకునే కథ ఒకటుంది. కుర్రాళ్లు వేదిక ఎక్కారు, మనసుకు తోచింది వాయించారు, టేపు తిరుగుతూ ఉంది, ఆల్బమ్ తయారైంది. వినడానికి బాగుంటుంది గానీ ఇది సగమే నిజం. వాయించడం అక్కడికక్కడే పుట్టిందన్న మాట నిజం. కానీ ఏ రాత్రి వాయించినది ఉంచాలి, ఎవరిని వేదిక మీంచి దింపేయాలి, ఎక్కడ కత్తెర వేయాలి అన్న ప్రశ్నలన్నిటికీ కూర్చుని ఆలోచించి జవాబులు వెతికారు. అంతకంటే ముందు, ఆ వేదిక మీద తోచినట్టు వాయించగలగడానికే రెండేళ్ల కఠినమైన సాధన పట్టింది. తర్వాత వచ్చిన చాలా బ్యాండ్లు ఈ ఆల్బమ్ నుంచి నిడివిని, జోరును తీసుకున్నాయి. ఒకరినొకరు వింటూ వాయించే క్రమశిక్షణను మాత్రం కొద్దిమందే తీసుకున్నారు.

మేకన్‌కు చేరిన ఆరుగురు

డ్వేన్ ఆల్మన్, గ్రెగ్ ఆల్మన్ అన్నదమ్ములు. పుట్టింది టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో, పెరిగింది ఎక్కువగా ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో. 1967లో 'అవర్ గ్లాస్' అనే బ్యాండ్‌తో లాస్ ఏంజెలిస్ వెళ్లారు. అక్కడి రికార్డు కంపెనీ పాటలు తనే ఎంపిక చేసి, బాణీలు తనే తీర్చి, వీళ్లను పాప్ బొమ్మలుగా నిలబెట్టింది. రెండు ఆల్బమ్‌లు వచ్చాయి, రెండూ ఆడలేదు. డ్వేన్ విసిగిపోయి తిరిగి దక్షిణాదికి వచ్చేశాడు. స్టూడియో అన్నా, స్టూడియోలో కూర్చుని ఆజ్ఞలు జారీ చేసే వాళ్లన్నా అతనికి ఏర్పడిన అనుమానం ఇక్కడిదే. మూడేళ్ల తర్వాత తమ మూడో ఆల్బమ్ లైవ్ రికార్డింగే కావాలని పట్టుబట్టడానికి ఇది ఒక కారణం అనుకోవచ్చు.

లాస్ ఏంజెలిస్ తర్వాత డ్వేన్ అలబామాలోని మజిల్ షోల్స్‌లో ఫేమ్ స్టూడియోలో సెషన్ గిటారిస్టుగా, అంటే ఇతరుల రికార్డింగుల్లో వాయించేవాడిగా చేరాడు. 1968 చివర్లో విల్సన్ పికెట్ పాడిన 'హే జూడ్' పాట చివర డ్వేన్ వాయించిన గిటార్ విని అట్లాంటిక్ రికార్డ్స్ పెద్దలు ఎవరీ కుర్రాడని ఆరా తీశారు. అప్పుడే మేకన్ నగరానికి చెందిన ఫిల్ వాల్డెన్ కన్ను అతని మీద పడింది. వాల్డెన్ అంతకుముందు సోల్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్‌కు మేనేజరు. 1967 డిసెంబరులో విమాన ప్రమాదంలో రెడ్డింగ్ చనిపోయాక, అతని చుట్టూ కట్టుకున్న వ్యాపారమంతా ఆసరా లేకుండా మిగిలింది. నల్లజాతి అమెరికన్ల సోల్ సంగీతం మీద పెట్టిన ఆశను ఇప్పుడు ఒక రాక్ గిటారిస్టు మీద పెట్టాడు. అట్లాంటిక్ అండతో 1969లో క్యాప్రికార్న్ రికార్డ్స్ పుట్టింది.

బ్యాండ్ కూడింది ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో, 1969 మార్చిలో. గిటార్ మీద డ్వేన్‌తో పాటు డికీ బెట్స్, బేస్ మీద బెరీ ఓక్లీ, డ్రమ్స్ మీద బుచ్ ట్రక్స్, జైమో. చివరగా కబురందుకుని ఆర్గన్ వాయించడానికి, పాడడానికి వచ్చినవాడు తమ్ముడు గ్రెగ్. కొన్ని వారాల్లో అందరూ జార్జియాలోని మేకన్‌కు మకాం మార్చారు.

వీళ్లలో జైమో నల్లజాతివాడు, మిసిసిపీ కుర్రాడు. ఓటిస్ రెడ్డింగ్ బృందంతో ఊరూరా తిరిగి వాయించినవాడు. 1969లో జార్జియాలో పొడుగు జుట్టు తెల్లవాళ్లు, ఒక నల్లవాడు కలిసి ఒకే ఇంట్లో ఉండడం, ఒకే వ్యాన్‌లో తిరగడం, ఒకే టేబుల్ దగ్గర తినడం మామూలు విషయం కాదు. పౌరహక్కుల చట్టం వచ్చి అప్పటికి ఐదేళ్లే అయింది. ఈ బ్యాండ్ దక్షిణాది గురించి ఉపన్యాసాలు ఇవ్వలేదు, పాటల్లో నినాదాలూ రాయలేదు. ఆరుగురూ కలిసి తిరగడమే చూసేవాళ్లకు ఒక ప్రకటనలా ఉండేది.

జైమో తెచ్చిన ఇంకో సంగతి సంగీతానికి మరీ ముఖ్యం. అతని దగ్గర జాజ్ రికార్డులు ఉండేవి. మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ', జాన్ కోల్ట్రేన్ 'మై ఫేవరెట్ థింగ్స్' ఆ ఇంట్లో ఆగకుండా తిరిగేవి. ఆ రికార్డుల్లో కార్డ్‌లు, అంటే ఒకేసారి కలిపి పలికే స్వరాలు, అడుగడుక్కీ మారవు. ఒకటి రెండు కార్డ్‌ల మీదే చాలాసేపు నిలబడి, ఒక స్వరాల గుంపులోంచి రాగంలాంటిదాన్ని నెమ్మదిగా తవ్వి తీస్తారు. మన శ్రోతలకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు, కచేరీలో మనోధర్మం అనేది ఇలాంటిదే. రాక్ శ్రోతలకు మాత్రం అది అప్పటికి బాగా అరుదు. నల్లజాతి అమెరికన్ల పాత పాటల బాణీ అయిన బ్లూస్‌ను నేర్చుకున్న కుర్రాళ్లు జాజ్ పద్ధతిలో ఊపిరి తీసుకోవడం నేర్చుకున్నది ఆ రికార్డుల దగ్గరే.

అమ్ముడుపోని రెండు ఆల్బమ్‌లు

మొదటి ఆల్బమ్ 1969 నవంబరులో వచ్చింది. రెండోది 'ఐడిల్‌వైల్డ్ సౌత్' 1970లో. విమర్శకులు మెచ్చుకున్నారు, జనం కొనలేదు. కానీ కచేరీలకు మాత్రం జనం పెరుగుతూ పోయారు. 1970లో వాళ్లు దాదాపు 300 కచేరీలు చేశారని లెక్క. ముందు ఒక వ్యాన్, తర్వాత ఒక పెద్ద వాహనం, వాటిలోనే నిద్ర, వాటిలోనే తిండి. డబ్బు నిలవదు, అప్పు తరగదు, వాయింపు మాత్రం రోజురోజుకీ పదునెక్కుతోంది.

ఇక్కడ ఒక చిక్కు తెలుస్తుంది. స్టూడియోలో 5 నిమిషాలున్న 'విప్పింగ్ పోస్ట్' వేదిక మీద 20 నిమిషాలు దాటుతోంది. స్టూడియోలో 7 నిమిషాలున్న 'ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్' దానికి దాదాపు రెట్టింపు అవుతోంది. జనం డబ్బిచ్చి వింటున్నది ఒకటి, దుకాణంలో దొరుకుతున్నది ఇంకొకటి. ఎర్ర లైటు వెలగగానే ఆరుగురూ బిగుసుకుపోయే స్టూడియో కంటే, ఎదురుగా జనం ఉన్నప్పుడే తమకు బాగా వస్తుందని డ్వేన్ చెబుతూ వచ్చాడు. వాల్డెన్ ఒప్పుకున్నాడు. అట్లాంటిక్‌లో పెద్దాయన జెర్రీ వెక్స్‌లర్‌కు మాత్రం ఇంత పొడుగు వాయింపుల్ని రికార్డు మీద పెట్టడం వెర్రితనంగా కనిపించింది. ఆయన్ని తప్పుపట్టలేం. అప్పటికి లైవ్ ఆల్బమ్ అంటే చాలావరకు హిట్ పాటల్ని చప్పట్లతో కలిపి మళ్లీ అమ్మే సరుకు. వీళ్లకు హిట్ పాటలే లేవు.

ఎందుకు ఫిల్‌మోర్ ఈస్ట్

న్యూయార్క్ ఈస్ట్ విలేజ్‌లో సెకండ్ అవెన్యూ మీద ఉన్న పాత సినిమా హాలును కచేరీల నిర్వాహకుడు బిల్ గ్రాహమ్ 1968 మార్చిలో రాక్ కచేరీల హాలుగా మార్చాడు. సుమారు 2,600 మంది పట్టే చోటు. ఒకే రాత్రి రెండు ఆటలు: ఒకటి సాయంత్రం, ఇంకోటి రాత్రి పొద్దుపోయాక. మొదటి ఆట టైముకు ముగియాలి, ఎందుకంటే రెండో ఆట జనం బయట వరసలో ఉంటారు. రెండో ఆటకు ఆ బాధ లేదు, తెల్లారేదాకా వాయించినా అడిగేవాడు లేడు. ఇక్కడి శ్రోతలు కూడా వేరు. అరుపులతో హాలు దద్దరిల్లిస్తారు గానీ, సోలో నెమ్మదించినప్పుడు గుండుసూది పడినా వినిపించేంత నిశ్శబ్దంగా ఉండడమూ వాళ్లకు తెలుసు. ఆల్బమ్ వింటుంటే ఆ నిశ్శబ్దం కూడా రికార్డయిందని అర్థమవుతుంది. 'ఎలిజబెత్ రీడ్' మొదట్లో బెట్స్ గిటార్ వాల్యూమ్‌ను మీటుతూ తగ్గిస్తూ వయొలిన్ లాంటి నాదం తీస్తుంటే హాలంతా ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది.

1971 మార్చి 11, 12, 13 తేదీల్లో కచేరీలు. పోస్టర్ మీద పెద్ద పేరు జానీ వింటర్‌ది, ఎల్విన్ బిషప్ బృందం కూడా ఉంది. ఆల్మన్ బ్రదర్స్ అప్పటికి పోస్టర్‌లో రెండో స్థానంలోనే ఉన్నారు. ఆల్బమ్‌కు తీసుకున్నది 12, 13 తేదీల కచేరీల నుంచి. హాలు బయట ఆగిన ట్రక్కులో 16 ట్రాకుల (శబ్దాలను 16 విడివిడి వరసల్లో పట్టే) టేపు మెషీను, దాని ముందు ప్రొడ్యూసర్ టామ్ డౌడ్.

ఈ డౌడ్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. కుర్రతనంలో కొలంబియా విశ్వవిద్యాలయంలో అణుబాంబు తయారీకి సంబంధించిన మాన్‌హాటన్ ప్రాజెక్టు పనిలో ఉన్నాడు. యుద్ధం అయ్యాక భౌతికశాస్త్రం వదిలేసి రికార్డింగ్ వైపు వచ్చాడు. అట్లాంటిక్ రికార్డ్స్‌లో రే చార్లెస్, కోల్ట్రేన్, అరీతా ఫ్రాంక్లిన్ లాంటి వాళ్లను రికార్డు చేశాడు. మిగతా కంపెనీలు రెండు మూడు ట్రాకుల దగ్గరే ఉన్న కాలంలో 8 ట్రాకుల మెషీన్‌ను వాడకంలోకి తెచ్చిన తొలి ఇంజనీర్లలో అతనొకడు. 'ఐడిల్‌వైల్డ్ సౌత్' అతని చేతి మీదుగానే వచ్చింది. 1970లో మయామీలోని క్రైటీరియా స్టూడియోలో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 'లేలా' ఆల్బమ్ చేస్తున్నప్పుడు డ్వేన్‌ను క్లాప్టన్‌కు పరిచయం చేసిందీ అతనే. అంటే ఫిల్‌మోర్ బయట ట్రక్కులో కూర్చున్నవాడికి లోపల వాయిస్తున్నవాళ్ల బలమూ తెలుసు, బలహీనతా తెలుసు, వాళ్లు ఎంతో ఇష్టపడే కోల్ట్రేన్ రికార్డుల లోగుట్టూ తెలుసు. ఇంతకంటే తగిన మనిషి దొరికేవాడు కాదు.

ఆఫ్రికాలోని ఘానాలో ఒక సంగీతోత్సవం రికార్డింగ్ పని ముగించుకుని అతను నేరుగా న్యూయార్క్‌లో దిగాడు. ట్రక్కులో కూర్చుని వింటుంటే గిటార్ల మధ్యలోంచి అనుకోకుండా శాక్సోఫోన్లు వినిపించాయి. డ్వేన్ తన స్నేహితుల్ని వేదిక మీదికి పిలిచాడు, డౌడ్‌కు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఆ వాయింపు శ్రుతి కలవలేదు, పైగా గిటార్ల దారికి అడ్డం వస్తోంది. కచేరీ అయ్యాక డౌడ్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. ఇలా అయితే టేపు పనికిరాదన్నాడు. డ్వేన్ ఒప్పుకుని వాళ్లను తప్పించాడు. మౌతార్గన్ వాయించే థామ్ డూసెట్ మాత్రం మిగిలాడు. ఆల్బమ్‌లో కొన్ని పాటల్లో వినిపించేది అతనే.

తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. కచేరీ అవగానే అందరూ అట్లాంటిక్ స్టూడియోకు వెళ్లి అప్పుడే రికార్డయిన టేపులు వినేవారు. ఈ పాట కుదిరింది, ఇక మళ్లీ వాయించక్కర్లేదు. ఆ పాట కుదరలేదు, రేపు మళ్లీ వాయించాలి. ఈ లెక్కతో మర్నాటి పాటల వరస తయారయ్యేది. వేదిక మీద చూసేవాళ్లకు అదంతా అప్పటికప్పుడు పుట్టినట్టే ఉంటుంది. కానీ 13వ తేదీ రాత్రి ఏం వాయించారో దాని వెనక ఆ తెల్లవారుజామున విన్న 12వ తేదీ టేపు ఉంది. చివరి ఆటకు ముందు బాంబు బెదిరింపు ఒకటి వచ్చి కార్యక్రమం ఆలస్యమైంది. ఆ ఆట ముగిసి జనం బయటికొచ్చేసరికి తెల్లారిపోయింది.

నాలుగు ముఖాల్లో ఏముంది

మొదటి ముఖం అంతా పాత బ్లూస్. 'స్టేట్స్‌బరో బ్లూస్' జార్జియా గాయకుడు బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ 1928లో రికార్డు చేసిన పాట. డ్వేన్‌కు అది తాజ్ మహల్ అనే నల్లజాతి అమెరికన్ గాయకుడి 1968 ఆల్బమ్ ద్వారా చేరింది. (ఆయన పెట్టుకున్న పేరే అది, ఆగ్రాతో చుట్టరికం ఏమీ లేదు.) ఆ రికార్డులో జెస్సీ ఎడ్ డేవిస్ వాయించిన స్లైడ్ గిటార్ విని, జలుబు మాత్రల గాజు సీసాను వేలికి తొడుక్కుని డ్వేన్ స్లైడ్ సాధన మొదలుపెట్టాడు. గాజు సీసా తీగ మీద జారుతుంటే స్వరాల మధ్య మెట్లు మాయమవుతాయి. గొంతులో పలికే జారుడు, గమకం చేతికి వస్తాయి. కానీ మెట్లు లేకపోవడమే ప్రమాదం కూడా, వెంట్రుకవాసి తేడా వచ్చినా అపస్వరమే. ఆల్బమ్ మొదటి నిమిషంలోనే డ్వేన్ ఎంత ధీమాగా ఆ గీత మీద నడుస్తాడో వినిపిస్తుంది.

తర్వాత ఎల్మోర్ జేమ్స్ పాట, ఆ తర్వాత టీ బోన్ వాకర్ 'స్టార్మీ మండే'. ఈ రెండో పాటకు వీళ్లు వాడిన కార్డ్‌ల అల్లిక వాకర్‌ది కాదు, బాబీ బ్లాండ్ తర్వాత పాడిన పద్ధతికి దగ్గర. గ్రెగ్ వయసు అప్పటికి 23. ఆ వయసువాడి గొంతులో అంత అలసట ఎలా వచ్చిందా అనిపిస్తుంది. సంగీతం పరంగా చూస్తే ఆల్బమ్‌లో కొత్తదనం తక్కువున్న ముఖం ఇదే. కానీ తాము ఎవరి దగ్గర నేర్చుకున్నారో ముందే చెప్పేసి మొదలుపెట్టడం బాగుంది. గురువులకు దండం పెట్టుకుని తర్వాత తమ దారిన పోయారు.

రెండో ముఖం విల్లీ కాబ్స్ పాట 'యూ డోంట్ లవ్ మీ', 19 నిమిషాలు. కత్తెర ప్రసక్తి వచ్చేది ఇక్కడే. ఇది ఒకేసారి వాయించింది కాదు, రెండు వేర్వేరు ఆటల్లోని టేపు ముక్కల్ని డౌడ్ కలిపాడు. 'స్టార్మీ మండే'లో మౌతార్గన్ సోలో మొత్తాన్ని తీసేశాడు. వింటున్నవాళ్లకు అతుకు తెలియదు. ఇలా చేయడం మోసమని ఎవరైనా అనవచ్చు గానీ, పుస్తకానికి ఎడిటర్ చేసే పని కంటే ఇది ఎక్కువేమీ కాదు. 'యూ డోంట్ లవ్ మీ' మధ్యలో బ్యాండంతా ఆగిపోయి డ్వేన్ ఒక్కడే గిటార్‌తో మిగిలే చోటు ఆల్బమ్‌లో అత్యంత సాహసమైన ఘట్టం. తాళం లేదు, తోడు లేదు, తప్పు చేస్తే దాచుకోవడానికి చోటు లేదు.

మూడో ముఖంలో రెండూ మాటల్లేని సంగీతాలే: 'హాట్ లాంటా', 'ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్'. రెండోదాని పేరు మేకన్‌లోని రోజ్ హిల్ శ్మశానంలో ఒక సమాధి మీద చెక్కి ఉన్నది. బ్యాండ్ వాళ్లు అక్కడ తిరుగుతూ ఉండేవారు. ఆ పేరుగల ఆమెకూ బెట్స్ సంగీతానికీ సంబంధం లేదు, ఎవరి గురించి కట్టాడో బయటపెట్టడం ఇష్టం లేక సమాధి మీది పేరు పెట్టాడు.

ఈ ఒక్క సంగీతాన్ని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే చాలు, బ్యాండ్ పనితీరంతా బోధపడుతుంది. రెండు గిటార్లు చెరో చెవిలో వినిపిస్తాయి. పల్లవిలాంటి భాగంలో రెండూ ఒకే బాణీని కొంత ఎడంతో, జంటగా పలుకుతాయి. అప్పటి రాక్ బ్యాండ్లలో ఒక గిటార్ ముందుండి వాయిస్తుంటే రెండోది వెనక తాళం కొట్టడమే మామూలు. ఇక్కడ వెనకాడేవాడు లేడు. పల్లవి ముగిశాక బెట్స్ సోలో, గ్రెగ్ ఆర్గన్, చివరికి డ్వేన్. బెట్స్ పద్ధతి గుండ్రంగా, పాడుకోదగ్గట్టు ఉంటుంది, చిన్నప్పటి ఫిడేలు పాటల వాసన ఉంటుంది. డ్వేన్ ఒక చిన్న పదబంధాన్ని పట్టుకుని దాన్ని పదేపదే తిప్పుతూ మెట్టుమెట్టుగా వేడి పెంచుతాడు. ఓక్లీ బేస్ అడుగున పడి ఉండదు, మూడో గిటార్‌లా కబుర్లలో కలుస్తుంది. ఇద్దరు డ్రమ్మర్లలో ట్రక్స్ రైలింజన్‌లా తోసుకుపోతుంటే, జైమో ఆ వేగం మీద జాజ్ ముగ్గులు వేస్తాడు. ఇద్దరూ ఒకే దెబ్బ కొడితే పెద్ద శబ్దం వచ్చేదంతే. కొట్టకపోవడంలోనే నేర్పు ఉంది.

నాలుగో ముఖం 'విప్పింగ్ పోస్ట్', సుమారు 23 నిమిషాలు. ఎల్పీ ఒక ముఖం మీద నాణ్యత చెడకుండా పట్టే హద్దు దాదాపు అదే. మొదలయ్యే ముందు జనంలోంచి ఎవరో ఆ పాట పేరు అరవడం, కరెక్టుగా కనిపెట్టావంటూ డ్వేన్ బదులివ్వడం రికార్డులో అలాగే ఉంచారు. ఓక్లీ బేస్ మీద మొదలయ్యే నడక 11 దెబ్బలది: మూడు, మూడు, మూడు, రెండు. మన తిస్ర జాతి ధ్రువ తాళంలోనూ అక్షరాలు 11 ఉంటాయి, విరుపు మాత్రం వేరు. గ్రెగ్‌కు ఈ లెక్కల గొడవేమీ తెలియదు, చివరి రెండు దెబ్బలు తర్వాతి ఆవర్తానికి అందుకోవడానికి పెట్టుకున్న మెట్టు అనుకున్నాడు. 11లో కట్టావని అన్న చెబితేనే తెలిసింది. పాట మధ్యలో తాళమూ వేగమూ దాదాపు కరిగిపోయి, ఎవరు ఎటు తీసుకెళ్తారో తెలియని నిమిషాలు వస్తాయి. ఆ నిమిషాల్లో కొన్ని తడబాట్లూ ఉన్నాయి, అవి తీసేయకపోవడం డౌడ్ విజ్ఞత. చివర్లో చప్పట్లు పూర్తి కాకముందే డోలు లాంటి టింపనీ మీద ఇంకో పాట మొదలవడం వినిపిస్తుంది, అక్కడితో శబ్దం తగ్గిపోతుంది. ఆ మొదలైన 'మౌంటెన్ జామ్' అరగంట దాటిన వాయింపు. దాన్ని 1972లో వచ్చిన తర్వాతి ఆల్బమ్ 'ఈట్ ఎ పీచ్'లో రెండు ముఖాలకు పంచి ఇచ్చారు.

ధర, అట్ట, అక్టోబరు

రెండు రికార్డుల్ని మామూలు డబుల్ ఆల్బమ్ కంటే బాగా తక్కువ ధరకు, దాదాపు ఒక రికార్డు ధరకు అమ్మాలని వాల్డెన్ పట్టుబట్టాడు. అట్ట మీది ఫొటో జిమ్ మార్షల్ తీసింది. అది న్యూయార్క్ కాదు, మేకన్‌లోని ఒక ఇటుకగోడ ముందు, సామాన్ల పెట్టెల మీద కూర్చుని తీయించుకున్నది. పొద్దున్నే లేపారని అందరూ చిరాగ్గా ఉన్నారు. ఇంతలో డ్వేన్ తెలిసిన మత్తుమందుల వ్యాపారి కనబడితే పరిగెత్తి వెళ్లి, సరుకు గుప్పిట్లో దాచుకుని ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాడు. అది చూసి అందరూ పగలబడి నవ్విన నవ్వే అట్ట మీద ఉన్నది. వెనక అట్ట మీద బ్యాండ్ లేదు, సామాన్లు మోసే సిబ్బంది బీరు డబ్బాలతో అదే గోడ ముందు కూర్చున్నారు. ఏ ఆల్బమ్‌కైనా అట్ట మీద కూలి పనివాళ్లకు అంత చోటు ఇవ్వడం అప్పటికి అరుదైన సంగతి.

ఆల్బమ్ జూలైలో వచ్చింది. అంతకు కొద్దిరోజుల ముందే, జూన్ 27న ఫిల్‌మోర్ ఈస్ట్ మూతపడింది. ఆ ఆఖరి కచేరీని ముగించే గౌరవం గ్రాహమ్ ఆల్మన్ బ్రదర్స్‌కే ఇచ్చాడు. ఆల్బమ్ అమెరికాలో అమ్మకాల లెక్క చెప్పే బిల్‌బోర్డ్ పట్టికలో 13వ స్థానం దాకా వెళ్లింది, అక్టోబరులో భారీ అమ్మకాలకు ఇచ్చే గోల్డ్ రికార్డు గుర్తింపు పొందింది. ఆ సంతోషం రోజుల్లోనే ఆవిరైంది. అక్టోబరు 29న మేకన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో డ్వేన్ చనిపోయాడు. వయసు 24. మరుసటి ఏడాది నవంబరు 11న, అక్కడికి కొద్ది వీధుల దూరంలోనే, మోటార్‌సైకిల్ మీదే ఓక్లీ పోయాడు. అతనికీ 24 ఏళ్లే. ఇద్దరినీ రోజ్ హిల్‌లోనే పక్కపక్కన ఖననం చేశారు.

ఈ చావుల వల్ల ఆల్బమ్‌కు ఒక పవిత్రత అంటుకుందని, అందుకే జనం దాన్ని మరీ ఎత్తుకుంటారని వాదించేవాళ్లున్నారు. కొంత నిజం ఉండవచ్చు. కానీ గోల్డ్ రికార్డు అయ్యేసరికి డ్వేన్ బతికే ఉన్నాడన్నది మరువకూడదు. జనం కొన్నది విషాదాన్ని కాదు, సంగీతాన్ని.

వారసులు ఎవరు

1973లో వచ్చిన 'బ్రదర్స్ అండ్ సిస్టర్స్'లో బెట్స్ పాడిన 'రాంబ్లిన్ మ్యాన్' బిల్‌బోర్డ్‌లో రెండో స్థానానికి చేరింది. క్యాప్రికార్న్ గల్లా నిండింది. సౌత్ కరోలైనా నుంచి మార్షల్ టక్కర్ బ్యాండ్ లాంటి వాళ్లు అదే కంపెనీలో చేరారు. జార్జియా గవర్నరుగా ఉన్నప్పుడే వాల్డెన్‌తో స్నేహం కలిసిన జిమ్మీ కార్టర్ అధ్యక్ష ఎన్నికల బరిలో దిగినప్పుడు, ఆల్మన్ బ్రదర్స్ అతని ప్రచార నిధికి కచేరీ చేసింది. 1979కి క్యాప్రికార్న్ దివాలా తీసింది.

సదరన్ రాక్ అనగానే ఇవాళ చాలామందికి ముందు గుర్తొచ్చేది లినర్డ్ స్కినర్డ్. వాళ్లూ జాక్సన్‌విల్ వాళ్లే. 1973లో వచ్చిన వాళ్ల 'ఫ్రీ బర్డ్' పాటను వేదిక మీద డ్వేన్‌కు అంకితమిస్తూ ఉండేవారు. అయితే పనిచేసే పద్ధతి పూర్తిగా అటూ ఇటూ. వాళ్ల నాయకుడు రానీ వాన్ జాంట్ ఇంప్రొవైజేషన్‌ను, అంటే అప్పటికప్పుడు కల్పించి వాయించడాన్ని ఇష్టపడేవాడు కాదు. సోలోలోని ప్రతి స్వరం ముందే రిహార్సల్‌లో ఖాయమవ్వాలి, రాత్రి రాత్రికీ మారకూడదు. 'ఫ్రీ బర్డ్' చివరి సోలో ఎంత పొడుగైనా అది కట్టిన కట్టడం, తవ్విన బావి కాదు. ఇందులో తప్పేమీ లేదు, పాటల రచయితగా వాన్ జాంట్‌కున్న బిగువు ఆల్మన్ బ్రదర్స్‌లో ఎవరికీ లేదని చెప్పినా అన్యాయం కాదు. కానీ పొడుగు గిటార్ సోలో ఉంది కాబట్టి ఇద్దరిదీ ఒకే బడి అనుకోవడం సరికాదు. వేదిక మీద కాన్ఫెడరేట్ జెండా (బానిసత్వాన్ని కాపాడుకోవడానికి అమెరికా నుంచి విడిపోయి యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల జెండా) కట్టడం, తిరుగుబాటు దక్షిణాది అన్న ముద్రను అమ్ముకోవడం కూడా ఆ రెండో బాటలోంచి వచ్చినవే. నల్లజాతి డ్రమ్మర్‌తో మొదలై, నల్లజాతి బ్లూస్ పాటలతో ఆల్బమ్ తెరిచిన బ్యాండ్‌ను ఆ జెండా కింద నిలబెట్టడం చరిత్రకు అన్యాయం. రాక్ సంగీతం పుట్టిందే దక్షిణాదిలో కదా, మళ్లీ సదరన్ రాక్ ఏమిటని గ్రెగ్ విసుక్కునేవాడు.

ఫిల్‌మోర్ ఆల్బమ్‌కు అసలు వారసులు వేరే చోట దొరుకుతారు. ఫిష్, వైడ్‌స్ప్రెడ్ పానిక్ లాంటి జామ్ బ్యాండ్లు పాటను ఒక మొదలుగా మాత్రమే తీసుకుని రోజుకో దారిలో తీసుకెళ్లే పద్ధతిని పట్టుకున్నాయి. ప్రతి కచేరీనీ రికార్డు చేసి అభిమానులు పోల్చుకోవడం అనే అలవాటు వీళ్ల చుట్టూ బాగా పెరిగింది. ఈ గుంపులోనూ పొడుగే గొప్పదనం అనుకునేవాళ్లు తక్కువేం లేరు. 20 నిమిషాలు వాయించడం ఎవరైనా చేస్తారు. 20 నిమిషాల పాటు పక్కవాడు చేసేది వింటూ, తన వంతు కాదని తెలిసినప్పుడు తగ్గడం కష్టం.

ఆల్మన్ బ్రదర్స్ పేరుతో బ్యాండ్ మధ్యలో విడిపోయి, 1989లో మళ్లీ కలిసింది. వారెన్ హేన్స్, ఆ తర్వాత బుచ్ ట్రక్స్ సోదరుడి కొడుకు డెరెక్ ట్రక్స్ గిటార్లు అందుకున్నారు. డెరెక్ స్లైడ్‌లో హిందుస్తానీ సరోద్ పలుకుబడి వినిపించడానికి కారణం ఉంది, అలీ అక్బర్ ఖాన్ సంగీతాన్ని అతను శ్రద్ధగా విని నేర్చుకున్నాడు. 2014 అక్టోబరు 28న న్యూయార్క్ బీకన్ థియేటర్‌లో ఆఖరి కచేరీ మొదలై అర్ధరాత్రి దాటాక, అంటే డ్వేన్ పోయిన తేదీన ముగిసింది. 2017లో ట్రక్స్, గ్రెగ్ కొన్ని నెలల తేడాతో పోయారు. 2024 ఏప్రిల్‌లో బెట్స్. ఫిల్‌మోర్ వేదిక మీది ఆరుగురిలో ఆ తర్వాత మిగిలింది జైమో ఒక్కడే.

2004లో అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ ఈ ఆల్బమ్‌ను జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. 1992లో వచ్చిన ఒక కూర్పు డౌడ్ కత్తిరించిన మౌతార్గన్ సోలోను తిరిగి కలిపింది. 2014లో మార్చి 12, 13 కచేరీలనూ, జూన్ 27 ఆఖరి కచేరీనీ పూర్తిగా, ఆరు సీడీల్లో విడుదల చేశారు. డౌడ్ తప్పించిన శాక్సోఫోన్లు కూడా అందులో ఉన్నాయి. మొత్తం వినే ఓపిక ఉన్నవాళ్లు ఒకే పాట వేర్వేరు ఆటల్లో ఎలా మారిందో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. కొన్నిచోట్ల పక్కన పెట్టేసిన వాయింపు ఆల్బమ్‌లో చేరినదానికి ఏ మాత్రం తీసిపోదు. శాక్సోఫోన్ల విషయంలో మాత్రం డౌడ్‌దే సరైన తీర్పు.